అడగకుండా విన్న గొంతు

ఒంగోలు బస్టాండులో బల్ల వేసిన నాలుగో రోజు ఉదయం పదిన్నరకే కెజియా గొంతు బొంగురుపోయింది. అయినా అరవడం ఆపలేదు.

"రండమ్మా, రండి! సూది లేదు, మందు లేదు. నాలుగు ముక్కలు మాట్లాడితే చాలు, మీ మనసు ఎంత అలిసిపోయిందో మువ్వ చెప్పేసుద్ది!"

ఆమె వెనక పసుపు చొక్కాల పిల్లలు నలభై మంది హడావుడిగా తిరుగుతున్నారు. అందరి వీపుల మీదా 'పలకరింపు దళం' అని అచ్చువేసి ఉంది. డిగ్రీ వాళ్లు, ఇంజనీరింగు వాళ్లు, నర్సింగు వాళ్లు. వేసవి సెలవుల్ని ఈ పనికి ఇచ్చేశారు. కెజియా బీయే రెండో ఏడు. దళానికి నాయకురాలని ఎవరూ ఎన్నుకోలేదు గానీ, అందరికన్నా గట్టిగా అరవగలిగేది ఆమే.

"నాకేమన్నా పిచ్చా?" అన్నాడు ఉల్లిపాయల మూట మీద కూర్చున్న ఒకాయన.

"మోకాళ్లు నొప్పులైతే డాక్టరు దగ్గరికి పోవా బాబాయ్? పోయినోళ్లంతా కుంటోళ్లేనా?"

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. ఆయనా నవ్వి లేచి వచ్చాడు. బల్ల మీద ఇత్తడి రంగులో, నిమ్మకాయంత గుండ్రంగా ఉంది మువ్వ. పొద్దున ఏం తిన్నాడో, ఏ ఊరు వెళ్తున్నాడో దానికి చెప్పాడు. మాటకీ మాటకీ నడుమ గొంతులోని కండరం మళ్లీ బిగుసుకోవడానికి పట్టే సమయాన్ని అది కొలుస్తుంది. చాలాకాలంగా లోలోపల కుంగిపోతున్న మనిషిలో ఆ బిగువు వెంట్రుకవాసి ఆలస్యమవుతుంది. చెవికి తెలియదు, మువ్వకి తెలుస్తుంది. దాని మీద చిన్న మూత ఉంది. మూత కింద ఏ రంగు వెలిగిందో మాట్లాడిన మనిషీ, ఎదురుగా కూర్చున్న దళం మనిషీ తప్ప ఇంకెవరూ చూడలేరు.

ఆయనకి పచ్చగా వెలిగింది. "మా ఆడోళ్లకి చెప్పాల ఈ సంగతి!" అంటూ మూట ఎత్తుకున్నాడు.

తర్వాత వచ్చిన పూలమ్మే పుల్లమ్మకి ఎర్రగా వెలిగింది. కెజియా తన కుర్చీని దగ్గరికి జరుపుకుంది.

"చిన్నమ్మా, ఇది జబ్బని కాదు. చాన్నాళ్లబట్టి ఏందో మోస్తా ఉండారని అర్థం. చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే ఊరికే కూర్చుందాం."

పుల్లమ్మ పావుగంట ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత అరగంట ఆపకుండా మాట్లాడింది. చివరికి నర్సింగు అమ్మాయి ఒకతె ఆమెని పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికి ఆటోలో తీసుకెళ్లింది. పూలబుట్టకి ఇద్దరు కుర్రాళ్లు కాపలా కూర్చుని, ఆమె వచ్చేలోగా మూరలన్నీ అమ్మేశారు కూడా.

దళానికి ఒకే ఒక్క కట్టుబాటు ఉంది. అడగకుండా ఎవరి గొంతూ వినకూడదు.

తల మీద మైకు గరగరలాడింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. కనిగిరి వెళ్లవలసిన బస్సు ఐదో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది."

ఆ గొంతు కెజియా తండ్రి దేవసహాయానిది. ఇరవై రెండేళ్లుగా ఆ గొంతే ఈ బస్టాండులో జనాన్ని ఊళ్లకి చేరుస్తోంది. పై అంతస్తులో చిన్న గదిలో కూర్చుంటాడు కాబట్టి ఆయన ముఖం మాత్రం ఎవరికీ తెలియదు.

మువ్వని తయారుచేసిన ఇద్దరిలో ఒకడైన ఇర్ఫాన్ బల్ల కింద కూర్చుని తీగలు సర్దుతున్నాడు. ప్రొద్దుటూరు కుర్రాడు, ఇంజనీరింగు చివరి ఏడు. బస్టాండు రొదని వడకట్టే కొత్త చిప్‌ని ఆ పొద్దున్నే బిగించాడు. తలెత్తి చూసేసరికి బల్ల ముందు ఎవరూ లేరు. మూత కింద మువ్వ మాత్రం ఎర్రగా వెలుగుతోంది.

"ఇదేందబ్బా, చెడిపోయిందా?"

ఆపి మళ్లీ పెట్టాడు. మామూలుగానే ఉంది. కాసేపటికి మైకులో చీమకుర్తి బస్సు గురించి చెప్పారు. మళ్లీ ఎరుపు. మైకు ఆగింది. రంగు పోయింది. పొదిలి బస్సు. ఎరుపు.

ఇర్ఫాన్ ఒక్క గెంతు గెంతాడు. "కెజియా! మైకులో గొంతుని వింటాండాది! యాభై గజాల దూరం నుంచి, ఇన్ని హారన్ల మధ్య! దగ్గర కూర్చోబెట్టే పనే లేదింక. ఎంత పెద్ద సంగతో తెలుసునా?"

కెజియా ముఖం చూశాక అతని గొంతు తగ్గింది. "ఎవరు ఆయప్ప?"

"మా నాన్న" అంది.

* * *

మధ్యాహ్నం కాలేజీ ల్యాబులో డాక్టర్ హైమవతి తలుపు గడియవేసి మరీ పరీక్ష మొదలుపెట్టారు. గొంతు కండరాల మీద పద్దెనిమిదేళ్లు పనిచేసిన మనిషి. మువ్వ వెనక ఉన్న ఆలోచన ఆమెదే.

కెజియా ఫోనులో పాత వీడియోలు ఉన్నాయి. డిగ్రీలో చేరిన రోజు బస్టాండులో స్నేహితురాళ్లతో తీసుకున్నది ఒకటి. వెనకాల మైకులో తండ్రి గొంతు. మువ్వకి వినిపిస్తే పచ్చగా వెలిగింది. నిరుడు దసరాకి తీసినదీ పచ్చే. ఈ జనవరిలోదీ పచ్చే. మార్చిలోది ఎరుపు. ఏప్రిల్‌లోది ఇంకా ఎరుపు.

"ఫిబ్రవరిలో ఏదో జరిగింది" అన్నారు హైమవతి. మార్చి వీడియోని ఇంకోసారి పెట్టి విన్నారు. "ఎన్నాళ్లుగా ఎదురుచూశానమ్మా దీని కోసం! కోచింగ్ కాలేజీ విశ్వంభరరావు గారు నిన్న కూడా ఫోన్ చేశారు. నిరుడు ఆయన హాస్టళ్లలో ఇద్దరు పిల్లలు ప్రాణం తీసుకున్నాక ఆయనకి సరిగా నిద్ర లేదట. ఇరవై హాస్టళ్లు, ఏడు వేల మంది పిల్లలు. ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి అడిగితే ఎవరు చెబుతారు? అదే వరండాకి ఒక మైకు పెడితే..."

"పెట్టేద్దాం మేడమ్!" అంది కెజియా వెంటనే. "రేపే పెట్టేద్దాం. మా నాన్న సంగతి ఇరవయ్యేళ్లు పక్కనున్న నాకే తెలవలేదు. ఆ పిల్లల సంగతి ఎవరికి తెలుసుద్ది?"

ఇర్ఫాన్ అప్పటికే కాగితం మీద వరండాలు గీస్తున్నాడు. ఆ సాయంత్రం ముగ్గురూ టీ తాగడం కూడా మరిచిపోయారు.

* * *

ఇంటికి వెళ్లేసరికి తల్లి సలోమి మిషను మీద జాకెట్టు కుడుతోంది. దేవసహాయం మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"అమ్మా, నాన్న ఈమధ్య చర్చిలో పాట పాడటం లేదు కదా?"

"గొంతు బాగలేదన్నాడు. ఫిబ్రవరి నుంచీ అదే మాట" అంది సలోమి దారం తెంపుతూ.

కెజియా ఇక ఆగలేకపోయింది. అది మంచివార్త అన్నట్టు, దారి దొరికిందన్నట్టు, ఒక్క ఊపిరిలో చెప్పేసింది. మైకు సంగతి, వీడియోల సంగతి, మార్చి, ఏప్రిల్, ఎరుపు. "మనం డాక్టరు దగ్గరికి పోదాం నాన్నా. నాకు తెలిసిపోయింది."

దేవసహాయం పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నన్ను అడిగావా?"

"అది దానంతటదే..."

"మొదటిసారి దానంతటదే. ఆ వీడియోలన్నీ? ఎంతమంది కూర్చుని విన్నారు?"

కెజియా చేతిలోని ఫోనుని వెనక్కి దాచుకుంది.

"బస్సుల పేర్లు చదివే గొంతమ్మా అది. అందులో కూడా నన్ను వెతికారా మీరు?" అన్నాడాయన. కోపంగా కాదు, అలసటగా. ఆ తర్వాత మాట్లాడలేదు. అన్నం పెట్టమని సైగ చేశాడు. మంచినీళ్లూ సైగ చేసే అడిగాడు. తన నోటి నుంచి ఏం బయటపడుతుందోనని భయపడుతున్న మనిషిలా పెదవులు బిగించుకుని కూర్చున్నాడు.

* * *

మర్నాడు బస్టాండు మైకులో ఆ గొంతు లేదు. ఎవరో గుమాస్తా కాగితం చూసి గొణిగాడు. ఏడో నంబరో ఎనిమిదో నంబరో ఎవరికీ అర్థం కాలేదు. చీమకుర్తి వాళ్లు కనిగిరి బస్సెక్కారు. ఒక పెళ్లి బృందం సగం ఒక బస్సులో, సగం ఇంకో బస్సులో చేరి కిటికీల్లోంచి ఒకరినొకరు కేకలేసుకుంటున్నారు.

కెజియా ఫోను మోగింది. తల్లి ఏడుస్తోంది. "డ్యూటీకని పొద్దున్నే పోయాడే. ఫోను మంచం మీదే ఉంది. బస్టాండు ఆఫీసుకి ఫోన్ చేస్తే రాలేదన్నారు."

కెజియా ఫోను జేబులో పడేసింది. మరుక్షణం కుర్చీ ఎక్కి అరిచింది. "అందరూ ఇట్రండి! మా నాన్న కనపడట్లా!"

నలభై పసుపు చొక్కాలూ మూగాయి. ఇర్ఫాన్ మువ్వని చేతిలోకి తీసుకున్నాడు. "ఊర్లో యాడ మైకున్నా దీనికి తగిలిస్తా. ఆయన గొంతు దీనికి తెలుసు గదా..."

"మాట్లాడని మనిషిని అదెట్టా పట్టుకుంటది ఇర్ఫాన్?" అంది కెజియా. "పక్కన పెట్టెయ్. మనం అడుగుదాం. మనకి వచ్చింది అదొక్కటే గందా!"

ఫోటో పంపుకుని నలుగురు నలుగురుగా పరుగు తీశారు. రైల్వే స్టేషన్, కూరగాయల మార్కెట్టు, ఆసుపత్రి, చర్చి. బస్టాండులో ఉన్నవాళ్లు డ్రైవర్లకీ, కండక్టర్లకీ, టీ కొట్ల వాళ్లకీ ఫోటో చూపించారు. అందరూ తల అడ్డంగా ఊపారు. "ఎవరమ్మా ఈయన? ఎప్పుడూ చూళ్లేదే."

మూడోసారి అదే జవాబు విన్నాక కెజియాకి తట్టింది. వాళ్లకి ముఖం తెలియదు. గొంతు తెలుసు.

ఫోనులో పాత వీడియో పెట్టి, శబ్దం పూర్తిగా పెంచి, పైకెత్తి పట్టుకుంది. 'ప్రయాణికులకు విజ్ఞప్తి' అన్న మాట ప్లాట్‌ఫారం పొడుగునా వినిపించింది. డ్రైవర్లు తలలు తిప్పారు.

"మన మైకాయనా? ఆయన తప్పిపోయాడా?" ఒక్కసారిగా గోల మొదలైంది. ఒక డ్రైవరు ఇంకో డ్రైవరుకి ఫోన్ చేశాడు. అతను ఇంకొకరికి. పది నిమిషాల్లో జిల్లాలో తిరుగుతున్న బస్సుల్లో సగం వాటికి కబురు వెళ్లిపోయింది.

కొత్తపట్నం నుంచి అప్పుడే తిరిగొచ్చిన బస్సులోంచి కండక్టరమ్మ దిగుతూ, "ఆ గొంతు మళ్లీ పెట్టు పాపా" అంది. విని, గుండె మీద చేయి వేసుకుంది. "పొద్దున 'కొత్తపట్నం ఒకటి' అని టికెట్ అడిగాడు. ఎక్కడో విన్న గొంతే అనుకున్నా. సముద్రం దగ్గర దిగాడమ్మా."

ఇర్ఫాన్ బండి ఎప్పుడు తీశాడో, తను ఎప్పుడు ఎక్కిందో కెజియాకి తెలియదు. రొయ్యల చెరువులు, కొబ్బరి తోటలు పక్కనుంచి వెనక్కి పోతున్నాయి. వాళ్ల వెనక ఇంకో ఆరు బండ్లు, పన్నెండు పసుపు చొక్కాలు.

* * *

దేవసహాయం పడవల అవతల, తడి ఇసుకలో కూర్చుని ఉన్నాడు. ప్యాంటు నడుము దాకా తడిసి ఉంది. నడుము దాకా వెళ్లి వెనక్కి వచ్చాడన్నమాట.

కెజియా చెయ్యెత్తి మిగతావాళ్లని ఆపింది. ఒక్కతే నడిచి వెళ్లింది. మూడు నెలల శిక్షణలో నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు.

"నాన్నా, కూర్చోనా?"

ఆయన చాలాసేపు చూసి తలూపాడు. ఆమె కూర్చుంది. ఏమీ అడగలేదు. అలలు వచ్చి పోతున్నాయి. చెప్పులు తడిశాయి.

"ఫిబ్రవరి తొమ్మిది" అన్నాడు దేవసహాయం చివరికి. "కందుకూరు పిల్లోడు. శేషు. హైదరాబాదులో ఉద్యోగానికి ఇంటర్వ్యూ. వాడి సంచీ బస్సులో ఉంది, వాడు లేడు. సావాసగాడు పైకి పరిగెత్తుకొచ్చాడు. కండక్టరు రెండు నిమిషాలు చూస్తానన్నాడు. నేను మూడుసార్లు పిలిచా. పేరు పెట్టి పిలిచా. కిటికీలోంచి చూస్తే, చేతిలో నీళ్ల బాటిలుతో పరిగెత్తుకొచ్చి ఎక్కాడు. సంతోషపడ్డానమ్మా. ఒక పిల్లోణ్ణి బస్సెక్కించా గదా అని."

"ఆ బస్సు..."

"మంచులో ఆగివున్న లారీని గుద్దింది. ముందు సీట్లో ఉన్న వాడొక్కడే పోయాడు. నేను పిలవకపోతే వాడికి బస్సు తప్పిపోయేది. ఇంట్లో ఉండేవాడు." ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "అప్పట్నుంచి మైకు పట్టుకుంటే చాలు, ఇంకెవర్ని పంపిస్తన్నానో అనిపిస్తది."

తప్పు నీది కాదు నాన్నా అన్న మాట కెజియా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది. ఆయన ఆ మాటని తనకు తాను వేయిసార్లు చెప్పుకుని ఉంటాడు. ఆయన చేయి పట్టుకుని, "ఇన్నాళ్లూ ఒక్కడివే ఉన్నావా దీంతో?" అంది.

ఆయన ఏడ్చాడు. ఇరవై ఏళ్లలో ఆమె మొదటిసారి చూసింది. ఏడుపు నెమ్మదించాక, "అడగకుండా విన్నాను నాన్నా. తప్పు చేశా" అంది.

"తప్పే" అన్నాడు దేవసహాయం, ఆమె చేయి వదలకుండానే. "కానీ వచ్చావు."

* * *

మరో రెండు రోజులకి విశ్వంభరరావు ల్యాబుకి వచ్చాడు. ఆయన్ని చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. కళ్ల కింద నల్లగా, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నాడు.

"ఒక్క పిల్లవాడు దక్కినా చాలండీ. వరండాల్లో పెట్టించండి. వాళ్లకి తెలియనక్కర్లేదు."

హైమవతి కెజియా వైపు చూశారు.

"తెలవకుండా వింటే మాట్లాడటం మానేస్తారండీ" అంది కెజియా. "మా నాన్న మానేశాడు. బస్సుల పేర్లు చదివే మనిషే నోరు మూసుకున్నాడు. మీ పిల్లలు వరండాలో నవ్వటం కూడా మానేస్తారు. అప్పుడు ఇది దేన్ని వింటది?"

"అడిగితే మాత్రం చెబుతారా?"

"మమ్మల్ని పంపండి. మేం అడుగుతాం."

ఆయన వెళ్లాక హైమవతి దూరపు గొంతుల్ని పట్టే ఆ కొత్త చిప్‌ని ఊడదీసి, సుత్తితో ఆమే పగలగొట్టారు. పద్దెనిమిదేళ్లలో ఆమె చేతికి దక్కిన అతి పెద్ద ఫలితం అది. ముక్కల్ని చూస్తూ కాసేపు కూర్చుని, "ఇర్ఫాన్, బొటనవేలు పెడితే తప్ప వినకుండా చెయ్యాలి. వేలు తీస్తే చెవుడు రావాలి దీనికి. ఎన్ని రోజులు?" అన్నారు.

"నాలుగు వారాలు మేడమ్. కాదు, మూడే చాలు!"

ఆ నెలంతా దేవసహాయం సెలవులో ఉన్నాడు. వారం వారం డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఒకరోజు తనే అడిగి, కెజియాని తోడు తీసుకుని కందుకూరు వెళ్లాడు. శేషు తల్లి కోటేశ్వరమ్మ గడపలో కూర్చుని విన్నది.

"బస్సెక్కి నాకు ఫోన్ చేశాడయ్యా" అంది తర్వాత. "'అమ్మా, బస్టాండు మైకులో నా పేరు పిలిచారే, పెద్ద లీడర్ని పిలిచినట్టు!' అని ఒకటే నవ్వు. ఆ నవ్వే నాకు ఆఖరున మిగిలింది. అది మీరిచ్చిందా?" లేచి లోపలికెళ్లి, ఇద్దరికీ మజ్జిగ తెచ్చింది.

* * *

ఆగస్టు మొదటి ఆదివారం. విశ్వంభరరావు ఒప్పుకుని దళాన్ని రానిచ్చిన మొదటి హాస్టలు, మూడంతస్తులది. భోజనాల హాల్లో ఆరు వందల మంది పిల్లలు, ఒకే రంగు చొక్కాలు. పలకరింపు దళం వాళ్లు నాటకం వేశారు, పాట పాడారు, ఇర్ఫాన్ ఇంగ్లీషు లెక్చరర్లా నడిచి చూపించి నవ్వించాడు. గోడ పొడుగునా ఇరవై బల్లలు, ఇరవై మువ్వలు సిద్ధంగా ఉన్నాయి.

"ఎవరొస్తారు?" అంది కెజియా.

ఒక్కరూ కదల్లేదు. తలుపు దగ్గర వార్డెన్లు నిలబడి ఉన్నారు. హైమవతి వాళ్ల దగ్గరికెళ్లి ఏదో చెప్పి బయటికి పంపేశారు. అయినా ఎవరూ లేవలేదు. ఐదు నిమిషాలు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. మొదట లేచినవాడి గురించి రేపు అందరూ ఏమనుకుంటారో ప్రతి ఒక్కరికీ తెలుసు.

దళంతో పాటు వచ్చి వెనక వరసలో కూర్చున్న దేవసహాయం లేచాడు. ఇలా జరుగుతుందని కెజియాకి తెలియదు. ఆయన మధ్యలోంచి నడిచి వచ్చి, ఒక మువ్వ మీది మూత తీసి పక్కన పెట్టాడు. అందరికీ కనబడేలా దాన్ని పైకెత్తి, బొటనవేలు ఆనించాడు.

"నా పేరు దేవసహాయం. నాకు యాభై రెండేళ్లు. పొద్దున ఉప్మా తిన్నాను."

మువ్వ ఎర్రగా వెలిగింది.

"చూశారుగా, ఎర్రగానే ఉంది. రెండు నెలలుగా డాక్టరు దగ్గరికి పోతన్నా. మొదట్లో ఇంతకన్నా ఎరుపు. తగ్గుతుందంట, టైం పడతదంట. ఒకరోజు సముద్రంలోకి నడుము దాకా పోయి వెనక్కొచ్చా. వెనక్కొచ్చినందుకు ఇవ్వాళ మీ అందర్నీ చూస్తన్నా." వేలు తీశాడు. వెలుగు పోయింది. "ఇప్పుడు ఇది నన్ను వినట్లేదు. నేను వినమంటేనే వింటది. అంతే బాబూ, చెప్పాల్సింది."

ఆయన వెళ్లి తన చోట కూర్చోబోతుండగా మూడో వరసలో ఒక అమ్మాయి నిలబడింది. పదహారేళ్లుంటాయి. రెండు జడలు, ఒకదానికి రిబ్బను లేదు. గబగబా నడిచి కెజియా బల్ల దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఏ వేలు పెట్టాలి?"

"బొటనవేలు. కూర్చో ముందు."

ఆ అమ్మాయి వెనక ఇంకో అబ్బాయి. వాడి వెనక ముగ్గురు, తర్వాత ఒక వరస మొత్తం. బెంచీలు కిర్రుమన్నాయి. ఇర్ఫాన్ ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి పరిగెడుతున్నాడు. హైమవతి కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. బారు హాలు దాటింది, వరండా దాటింది, మెట్ల మీదుగా కిందికి దిగింది. కొందరు పచ్చరంగు చూసుకుని గెంతుతూ వెళ్తున్నారు. కొందరు మూత కిందికి తొంగిచూసి, తలెత్తి, ఎదురుగా ఉన్న పసుపు చొక్కాతో నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెడుతున్నారు. అలా మాట్లాడేవాళ్లు ఎవరూ తొందరగా లేవడం లేదు.

గుమ్మం దగ్గర నిలబడ్డ విశ్వంభరరావు ఏం చేయాలో తోచక ఊరికే చూస్తున్నాడు.

"అయ్యా!" అని హాలు ఈ చివర నుంచి అరిచింది కెజియా, ఆరు వందల మంది గోల మీద వినబడేలా. "కుర్చీలు చాలట్లా! తెప్పించండి, ఉన్నవన్నీ తెప్పించండి!"

ఆయన తనే పరిగెత్తాడు.